తొంభై రెండు కిలోమీటర్లు

ఐదువేలకా, పదివేలకా? అక్కడ మొదలైంది పంచాయితీ.

పదివేల కిలోమీటర్లకోసారి ఇంజన్ ఆయిల్ మార్చమని కంపెనీ పుస్తకంలో ఉంది. పరమేశ్వర్‌కు అదే వేదం. అతని భార్య సౌందర్యకు మాత్రం వాళ్ల నాన్న మాటే వేదం. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ముప్పై ఏళ్లు చెరకు లారీ తోలిన మనిషి లింబయ్య. “నూనె నల్లబడంగ సూసుకుంట కూసుంటే ఇంజన్ అరిగి బోరుకొస్తది బిడ్డా” అని ఆయన సిద్ధాంతం.

కారు సౌందర్యది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ సొంత జీతంతో కొనుక్కుంది. కాబట్టి ఐదువేలే నెగ్గింది. శనివారం సాయంత్రం పరమేశ్వర్ కారును బోధన్ రోడ్డులోని మెకానిక్ హన్మండ్లు షెడ్డులో ఇచ్చి వచ్చాడు.

మర్నాడు ఆదివారం, పెద్దల అమావాస్య. సాయంత్రం బతుకమ్మ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ. సౌందర్య తంగేడుపూలు ముందేసుకుని కూర్చుంది. పొద్దున పదింటికి కారు తెస్తానని పోయిన పరమేశ్వర్ దీపాలు పెట్టే వేళకు వచ్చాడు.

“షెడ్డుకు తాళమున్నది. ఫోన్ జేస్తే ఎత్తలే. ఇగ వస్తడు, అగ వస్తడని ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్న” అన్నాడు.

ఆమె నమ్మింది. ఇకనుంచి రోజూ మీటర్ అంకె గోడ క్యాలెండర్ మీద రాద్దామని కారు దగ్గరకు పోయేదాకా నమ్మింది.

హన్మండ్లు డోర్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద, ఆయిల్ మార్చినప్పటి అంకె 41,320. మళ్లీ మార్చాల్సింది 46,320కి. మీటర్ మాత్రం 41,415 చూపిస్తోంది. షెడ్డు నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లు. మిగతా తొంభై రెండు ఎక్కడివి?

ఆమె హన్మండ్లుకు ఫోన్ చేసింది.

“అన్నా, ట్రయల్ అని ఎంతదూరం తోల్తవ్?”

“ఆయిల్ మార్చినందుకు ట్రయలేంది మేడం? గల్లీ మూల దాక పోయొస్త, గంతే.”

“మా సారు ఎప్పుడు తీస్కపోయిండు?”

“టైమ్ సూస్కోలే మేడం” అని పెట్టేశాడు.

అనుమానం పెనుభూతం అంటారు. సౌందర్య లెక్కల టీచర్ కాబట్టి ఆమె భూతానికి కూడికలు, తీసివేతలు కూడా వచ్చు. పెళ్లికి ముందు పరమేశ్వర్ రెంజల్‌లో పనిచేశాడు. అక్కడ శిరీష అనే అమ్మాయితో వ్యవహారం పెళ్లిమాటల దాకా వచ్చి ఆగిపోయింది. దాపరికం ఎందుకని పెళ్లయిన కొత్తలో అతనే చెప్పాడు. రెంజల్‌కు పోయి రాను ఎనభై కిలోమీటర్లు.

“మిగిలిన పన్నెండు యాడ తిరిగిండ్రు ఇద్దరు?”

“నీ మీద ఒట్టు. నేను రెంజల్ దిక్కే పోలే.”

పది రోజులు అడిగింది. అన్నం వడ్డిస్తూ అడిగింది. సద్దుల బతుకమ్మ పేరుస్తూ అడిగింది. అతను మొదట నవ్వాడు. తర్వాత అరిచాడు. ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడన్నాడు.

“పోయిన. శిరీషను ఎక్కించుకుని తిరిగిన. ఇగ సాలునా?”

ఆ మాట కోసమే ఆమె పది రోజులు అతన్ని పీక్కుతింది. తీరా విన్నాక బట్టలు సర్దుకుంది. ఆ సాయంత్రమే కారేసుకుని బోధన్‌లోని తల్లిగారింటికి పోయింది.

“మీటర్ సూసేది నూనె కోసం బిడ్డా, మొగని కోసం కాదు” అన్నాడు లింబయ్య.

“నోటితోని ఒప్పుకున్నంక ఇంకేంది బాపూ?” అంది.

ఇక రోజూ బోధన్ నుంచి నిజామాబాద్ బడికి, బడి నుంచి బోధన్‌కు. యాభై కిలోమీటర్ల పైమాటే. మొగుడి దగ్గరే ఉంటే ఐదువేలు తిరగడానికి ఏడాది పట్టేదేమో, జనవరి నెలాఖరుకే పూర్తి కావచ్చింది. అంతలో పెద్దమనుషులు కూర్చున్నారు. ఎవరేమడిగినా పరమేశ్వర్ తల ఎత్తలేదు. తెగదెంపుల కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మూడోరోజు మీటర్ 46,320కి వచ్చింది. ఏం జరిగినా లెక్క తప్పే మనిషి కాదు సౌందర్య. హన్మండ్లు షెడ్డు దారిలోనే ఉంది. బడి నుంచి ఇంటికి పోతూ అక్కడ ఆగింది.

“సారు రాలేదా మేడం?” అన్నాడు హన్మండ్లు.

ఆమె తాళం చెవి అతని చేతిలో పెట్టింది. అతను మళ్లీ అడగకుండా పానా పట్టుకుని కారు కిందికి దూరాడు. కాసేపటికి నల్లటి నూనె కింద పెట్టిన డబ్బాలోకి కారసాగింది. సౌందర్య దాన్నే చూస్తూ కూర్చుంది. ఏడవకూడదనుకుంది గానీ కళ్లు మాట వినలేదు.

హన్మండ్లు తల్లి ఈరవ్వ చాయ్ తెచ్చింది. గ్లాసు ఆమె చేతికిచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, డోర్ మీద చెయ్యి వేసి నిమిరింది.

“గీ కారు నీదేనా బిడ్డా?”

“నాదే అవ్వా.”

“అవ్వా, నువ్వు ఇంట్లకు పో!” కారు కింద నుంచి హన్మండ్లు కేకేశాడు. పానా కింద పడ్డ చప్పుడైంది.

ఈరవ్వకు చెవులు సరిగ్గా వినపడవు. సౌందర్య చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది.

“నీ పుస్తెమట్టెలు సల్లగుండ బిడ్డా, పెద్దల అమాస నాడు నా కొడుకు గీ కార్లనే నన్ను రెంజల్ అవుతల కందకుర్తికి తోల్కపోయి గంగల తానం జేయిచ్చిండు.”