మేడమెట్ల దగ్గర మనిషి

లేత్ మేస్త్రీ కోర్టు మేడమెట్టు మీద కాలు పెట్టగానే ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

తిరిగి చూస్తే ఒక ముసలాయన. గడ్డం మాసింది, కాలరు చిరిగింది.

"పైకెందుకు బాబూ?"

"కేసుంది."

"ఏం కేసు?"

చెప్పాలా వద్దా అనుకుంటూనే మేస్త్రీ చెప్పాడు.

పెంకుల ఫ్యాక్టరీని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కొత్తగా వచ్చిన అధికారి మేస్త్రీని పిలిపించాడు. ఇనుము చెక్కే మేస్త్రీ లేత్ మిషనును ఒక ఏడాది అద్దెకు ఫ్యాక్టరీలో ఉంచేటట్టు కాగితం రాసుకున్నాడు. ఏడాది అయిపోయింది. మిషను ఇమ్మంటే, గేటు లోపలున్నదంతా గవర్నమెంటుదే పొమ్మన్నాడు.

ఆ మిషను మేస్త్రీ తండ్రి కొన్నది. ఇంట్లో ఐదు నోళ్లూ దాని మీదే బతుకుతున్నాయి.

"కాగితం గవర్నమెంటు తీసుకోకముందు రాసిందా, తర్వాతా?"

"తర్వాతే."

"అయితే పైకెళ్లకు బాబూ. మేడ మీదిది స్వాధీనమైన కంపెనీల కోర్టు. స్వాధీనానికి ముందటి తగాదాలే వింటుంది. తర్వాత కుదిరిన ఒప్పందం నువ్వూ నేనూ రాసుకున్న కాగితం లాంటిదే. దానికి ఈ కింద ఉన్న మామూలు కోర్టే. ఇవాళే వెయ్యి. మిషను కదలకుండా ఆర్డరు అడుగు."

వెనకే వస్తున్న మేస్త్రీ బావమరిది మధ్యలోకి దూరాడు.

"ఏం పెద్దాయనా, కింది ప్లీడర్లు తలకెంతిస్తారేంటి?"

"ఎవరూ ఏమీ ఇవ్వరు నాయనా."

"ఊరికే చెప్పడానికి మేం నీకు అల్లుళ్లమా?"

మెట్ల మీదున్న నలుగురూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు.

ఆ కోర్టులో అది మామూలే. కింది ప్లీడర్లకూ పై ప్లీడర్లకూ పడదు. ఇద్దరూ మెట్ల దగ్గర దళారుల్ని పెడతారు. వచ్చినవాళ్లను గొడ్లను మళ్లించినట్టు మళ్లిస్తారు.

"నవ్వు, ఫరవాలేదు. నా మాట మాత్రం విను" అంటూ ముసలాయన మళ్లీ చొక్కా పట్టుకున్నాడు.

మేస్త్రీ విదిలించాడు. ముసలాయన తూలి గోడకు కొట్టుకున్నాడు.

"పద బావా, ముహూర్తం బాగుంది" అన్నాడు బావమరిది.

పై ప్లీడరు సంగతి విని పెదవి విరిచాడు.

"కంపెనీ గవర్నమెంటుదైతే ఇక్కడ కాక ఇంకెక్కడ వేస్తారయ్యా? ఆ ముసలాడి మాటలు పట్టుకుంటే నీ కొంప కొల్లేరే."

కేసు పైనే వేశారు.

వాయిదా మీద వాయిదా పడింది. వెళ్లినప్పుడల్లా ముసలాయన మెట్ల దగ్గరే ఉండేవాడు. చొక్కా పట్టుకోవడం మానేశాడు.

"ఇప్పటికైనా కిందికి రా బాబూ" అనేవాడు.

మేస్త్రీ తల తిప్పుకుని ఎక్కేవాడు.

కొన్నాళ్లకు ఆ మాట వినపడలేదు. మనిషీ కనపడలేదు. పీడ పోయిందనుకున్నాడు మేస్త్రీ.

వానలు పడుతుండగా కబురొచ్చింది. ఫ్యాక్టరీలో తుక్కు ఇనుమంతా వేలం వేశారు. అందులో లేత్ మిషను కూడా పోయింది.

మేస్త్రీ తడుస్తూనే పాత ఇనుము కొట్టుకు పరిగెత్తాడు. అప్పటికే మిషనును ముక్కలుగా కోసేశారు. ఇనుప ముక్కను బిగించి తిప్పే చక్ ఒక్కటే ఓ మూల విడిగా పడుంది. చేత్తో తిప్పి చూశాడు.

తిరిగింది.

మరో రెండు వాయిదాల తర్వాత పై కోర్టు తీర్పు చెప్పింది.

"ఈ తగాదా వినే అధికారం మాకు లేదు" అన్నారు జడ్జిగారు. "స్వాధీనం తర్వాత కుదిరిన ఒప్పందమైతే కింది కోర్టే చూడాలి. ఇరవయ్యేళ్ల కిందటే హైకోర్టు ఈ సంగతి తేల్చేసింది."

ఆ పాత కేసు పేరు చదివారు. తాళ్లు పేనే మనిషి ఒకడు ప్రభుత్వం మీద వేసిన కేసు. మొదట ఇలాగే పై కోర్టులో వేసి, పద్నాలుగేళ్లు పోరాడి గెలిచాడట. గెలిచేనాటికి అతని తాళ్ల షెడ్డు నేలమట్టమైపోయిందట.

ప్లీడరు కాగితాలు సర్దుకున్నాడు.

"ఈ ముక్క మనకు ముందే తెలిసుంటే బాగుండేది."

"చెప్పాడు కదండీ" అన్నాడు మేస్త్రీ.



మేస్త్రీ కిందికి దిగి బంట్రోతు దగ్గర ఆగాడు.

"అన్నా, ఇక్కడ ఒక ముసలాయన ఉండేవాడు... కింది ప్లీడర్ల దళారీ."

"దళారీ ఏంటయ్యా? ఒక్కడి దగ్గర టీ కూడా తాగేవాడు కాదు. పోయిన చలికాలం చచ్చిపోయాడు. ఆ గోడ పక్కనే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే. మధ్యాహ్నం దాకా ఎవరూ చూళ్లేదు."

"మరి రోజూ ఎందుకొచ్చేవాడు?"

"నాలా ఇంకొకడు తప్పు మెట్లెక్కకూడదనేవాడు. ఎవడు విన్నాడు?"

మేస్త్రీ గోడ వైపు చూశాడు.

"ఆయన పేరేంటన్నా?"

బంట్రోతు చెప్పాడు.

ఇందాక పైన జడ్జిగారు చదివిన తాళ్లు పేనే మనిషి పేరు అదే.