చివరి సిస్టం

కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసి కన్ను నలుపుకుంది బిందుమాధవి. అంతే, లబోదిబోమంటూ కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

అంతకుముందు ఆ సిస్టం మీద కూర్చున్నది నజ్మీన్. పగలంతా గుంటూరు యార్డు పక్కన మిరపకాయలకు తొడిమలు తీసి, సాయంత్రం కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చే పిల్ల.

"చేతులు కడుక్కుని రావాలని తెలీదా అమ్మా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"కడుక్కునే వచ్చానండి సార్. కొబ్బరినూనె కూడా రాశాను. ఆ ఘాటు ఓ పట్టాన పోదండి."

గుంటూరులో పుట్టినవాడికి ఆ సంగతి తెలీక కాదు. కానీ ఆ కంప్యూటర్ సెంటర్ అతనిది, ఫిర్యాదు చేసింది ఫీజు కట్టిన పిల్ల. ఆ రోజు నుంచి నజ్మీన్‌కి గోడవార ఉన్న చివరి సిస్టం కేటాయించాడు. ఇంకెవరూ దాని జోలికి వెళ్ళేవారు కాదు.

ఆ పిల్ల అక్కడ ఏం చేసేదో అతను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఓసారి మైకు అడిగింది. టేపురికార్డరులో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించాలట. పెళ్ళిపాటలు కాబోలనుకుని ఇచ్చాడు.

లక్ష్మీకాంత్ మామూలు మనిషేం కాదు. చెంచురామయ్యగారి కంప్యూటర్ మాసపత్రికలో ఆటల మీద సమీక్షలు రాసేది అతనే. సొంతంగా ఓ ఆట కూడా తయారుచేస్తున్నాడు. మూడేళ్ళయింది. హీరో ఇప్పటికి కోట మెట్లు ఎక్కాడు. తలుపు తీయడం ఇంకా కుదరలేదు.

2004 వేసవిలో చెంచురామయ్యగారు ఒక సీడీ పంపి, వెనకాలే ఫోన్ చేశారు. మన జిల్లాలోనే ఎవరో ఒంటిచేత్తో తయారుచేసిన భయపెట్టే ఆటట. హైదరాబాదులో ఆటలు చేసే కంపెనీ ఒకటి, సమీక్ష బాగుంటే మనిషిని పిలిచి ఉద్యోగం ఇస్తామందట.

"ఎవరండీ చేసింది?"

"పేరు చెప్పనోయ్. చెబితే నీ కలం అటో ఇటో మొగ్గుతుంది. మన పత్రిక పద్ధతి నీకు తెలిసిందేగా."

అదే కంపెనీకి లక్ష్మీకాంత్ రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. ఉలుకూ పలుకూ లేదు.

కాగితం కవరులోంచి సీడీ తీసి, వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూసి, డ్రైవులో పెట్టాడు.

ఆట పేరు 'చలికొట్టు'. మిర్చి బస్తాలు నిండిన కోల్డ్ స్టోరేజిలో ఓ కూలిమనిషి ఉండగానే బయట తాళం పడుతుంది. చేతిలో టార్చి ఒక్కటే. చీకట్లో ఏదో తిరుగుతోంది. దానికి కళ్ళు లేవు, చెవులే. బస్తాల చాటున దాక్కుంటే మిరప ఘాటుకి దగ్గొస్తుంది. ఆపుకోవాలి. ఆపుకోలేకపోతే అది వచ్చేస్తుంది.

మొత్తం ఇరవై నిమిషాలు.

పట్టపగలు, ఫ్యాను కింద, లక్ష్మీకాంత్‌కి ఒళ్ళు జలదరించింది. తెలీకుండానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. కళ్ళు భగ్గున మండి నీళ్ళు ధారగా కారాయి. కంప్యూటర్‌కి మరీ దగ్గరగా కూర్చున్నానులే అనుకున్నాడు.

ఎవడు వీడు? పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇంటిల్లిపాదికీ వచ్చే దగ్గు. ఇంత చిన్న ఆలోచన తనకెందుకు తట్టలేదు? ఆ కుళ్ళుతో మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఆటలో లోపాలు లేకపోలేదు. బస్తాలన్నిటికీ ఒకటే బొమ్మ. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి ఆడాలి. ఆఖర్న తలుపు ఊరికే తెరుచుకుంటుంది, ఎవరు తీశారో చెప్పరు. న్యాయంగా రాస్తే మూడు వాక్యాలు. లక్ష్మీకాంత్ కోడిగుడ్డు మీద ఈకలు పీకి మూడు పేరాలు చేశాడు. 'బాగున్నవి' అన్న శీర్షిక కింద 'త్వరగా అయిపోతుంది' అని ఒక్క ముక్క గీకాడు. ఎంత వెతికినా వంక దొరకనివి ఆ దగ్గులే. ఆఖరి దెబ్బ వాటి మీదే కొట్టాడు. 'ఏ మనిషీ ఇలా దగ్గడు. అంతా కృత్రిమం' అని ముగించాడు.

పత్రిక వచ్చిన రోజు క్లాసులో చదివి వినిపించాడు. అందరూ నవ్వారు.

"సార్, మీకు నిజంగా భయం వెయ్యలేదాండీ?" అడిగింది నజ్మీన్.

"భయమా? నవ్వొచ్చింది."

నజ్మీన్ రోజూలాగే తడిగుడ్డతో కీబోర్డు తుడిచి, కుర్చీ లోపలికి జరిపి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

నెల తిరిగాక చెంచురామయ్యగారు ఫోన్ చేశారు. కంపెనీవాళ్ళు సమీక్ష చదివి, ఆ మనిషి వద్దన్నారట. ఆ ఉద్యోగం బెంగుళూరు కుర్రాడికెవరికో ఇచ్చేశారట. అయ్యో పాపం అన్నాడు లక్ష్మీకాంత్. లోపల పండగ చేసుకున్నాడు.

ఆ సాయంత్రమే కొత్త విద్యార్థి చేరాడు. కూర్చోబెట్టడానికి చివరి సిస్టం తప్ప ఖాళీ లేదు. పాతవన్నీ చెరిపేద్దామని లక్ష్మీకాంత్ తనే దాని ముందు కూర్చున్నాడు. నాలుగు మీటలు నొక్కి, అలవాటుగా కన్ను నలుపుకున్నాడు.

భగ్గుమంది. నీళ్ళు ధారగా కారాయి. ఈ మంట ఎక్కడో ఎరుగుదును అనుకున్నాడు. కాగితం కవరూ, వేళ్ళ మధ్య తిప్పిన సీడీ గుర్తొచ్చాయి.

ఒంటికంటితోనే వెతికాడు. 'దగ్గు' అని ఒక ఫోల్డరు కనిపించింది. తెరిచాడు. శివపార్వతక్క, రాజమ్మత్త, మస్తాన్‌బీ... తొడిమలు తీసే ఆడవాళ్ళ పేర్లతో వరసగా పన్నెండు దగ్గులు. ఒక్కొక్కటే విన్నాడు.

ఆటలో కూలిమనిషి దగ్గే దగ్గు, ఏ మనిషీ ఇలా దగ్గడని అతను రాసిన దగ్గు, అన్నిటికన్నా కింద 'మా అమ్మ' అన్న పేరుతో ఉంది.