ఆది జాకెట్టు

“ఏమనుకోకే ప్రియా. ఒంటిమీద వేసుకున్న బట్ట నీ చేతికిచ్చానని తెలిస్తే మా అమ్మ నన్ను చంపుద్ది,” అంది తబస్సుం.

“కొలతకే కదే. రెండ్రోజుల్లో ఇచ్చేస్తా.”

“ఇంకెవరికైనా ఇచ్చేదాన్నే. నీకిస్తే పొద్దున్నే నిద్ర లేస్తానో లేదో.”

హాస్టల్ గదిలో ఉన్న అమ్మాయిలంతా నవ్వారు. కృష్ణప్రియ కూడా నవ్వింది. తర్వాత ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. ఆమె ఉత్తచేతులతో బయటికొచ్చింది.

నందిగామలో ఫ్యాషన్ డిజైనింగ్ చివరి ఏడాది. ప్రాజెక్టుకు అందరూ నెమళ్లు, కలంకారీ, కొండపల్లి బొమ్మలు ఎంచుకున్నారు. కృష్ణప్రియ చేతబడి ఎంచుకుంది.

పాదాల దాకా నల్ల కోటు. దాని నిండా మగ్గం పని. పసుపు పట్టుదారంతో నిమ్మకాయలు, ఎర్రపూసలతో మిరపకాయలు, అద్దం ముక్కలతో కళ్లు. సరిగ్గా గుండె మీద సూదులు గుచ్చిన గుడ్డబొమ్మ.

వాళ్ల నాన్నది సిమెంటు లారీ. జగ్గయ్యపేటలో బండి తీసే ముందు ఆయన బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టడం చూస్తూ పెరిగింది. భయానికి ఇన్ని రంగులు ఎందుకా అని చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆశ్చర్యం.

మేడమ్‌కు ఆలోచన నచ్చింది. షరతు మాత్రం అందరికీ ఒకటే.

“రేపు మీరు షాపు పెడితే మన ఊళ్లలో టేపుతో కొలిపించుకునేవాళ్లెవరు? ఆది జాకెట్టు చేతిలో పెట్టి పోతారు. అందుకని క్లాసులో ఒకరి జాకెట్టు తీసుకుని, ఆ కొలతకే కుట్టండి. షోలో ఆ అమ్మాయే వేసుకుని నడవాలి. మోడల్ లేకపోతే మార్కుల్లేవు.”

గుడ్డబొమ్మ మొదలుపెట్టిన రోజే కృష్ణప్రియ గదిలోని ఇద్దరూ పక్క గదికి మారిపోయారు. మెస్‌లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. అమ్మ లేదు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగినప్పుడు నాన్న ఫోన్ చేసేవాడు. “తిన్నావా?” అనేవాడు. ముందున్న బండి కదిలితే పెట్టేసేవాడు. ఇక ఆ రోజుకు మాటలు అంతే.

ఆదివారం సాయంత్రం గుమ్మంలో పెట్టె దించిన చప్పుడైంది. చూస్తే రోజారమణి. వీరులపాడు అమ్మాయి. క్లాసులో వెనక వరుస. ఇంటికెళ్లి అప్పుడే బస్సు దిగి వచ్చినట్టుంది.

“ఈ మంచం ఖాళీయేగా?”

“ఖాళీయే. నీకు భయం లేదా?”

“నాకెందుకు భయం?” అంటూ సంచిలోంచి ఆకుపచ్చ జాకెట్టు తీసింది రోజారమణి. “నువ్వు అడుగుతున్నావంటగా. ఉతకలేదు, ఏమనుకోకు.”

కృష్ణప్రియ దాన్ని రెండు చేతులా అందుకుంది. “టీ తాగుతావా?” అంది.

ఆ రోజు నుంచి గదిలో మాటలు మొదలయ్యాయి. రోజారమణి పక్కనే కూర్చుని సూదుల్లోకి దారం ఎక్కించేది. పని ఎక్కడిదాకా వచ్చిందని రోజూ అడిగేది. గుండె మీద బొమ్మను వేలితో తడిమి, “ఇక్కడ ఇంకాస్త గట్టిగా కుట్టవే,” అనేది. తన పని మీద ఇంత శ్రద్ధ పెట్టిన మనిషిని కృష్ణప్రియ ఎప్పుడూ చూడలేదు.

చీకటి పడే వేళకు రోజారమణి ఇంటికి ఫోన్ చేసేది.

“వదిన ఎలా ఉందన్నయ్యా? అన్నం సరిగ్గా తింటోందా? నిద్ర పడుతోందా? ఊరికే అడిగాలే.”

తలొంచుకుని కుడుతూ కృష్ణప్రియ ఆ మాటలు వినేది. తన గురించి కూడా ఎక్కడో ఎవరో అలా అడుగుతుంటే ఎంత బాగుండును అనుకునేది.

కోటు పూర్తయింది. వేసి చూస్తే రోజారమణి భుజాల మీంచి జారింది. నడుం దగ్గర జానెడు వదులు.

“ఇంత చిక్కిపోయావేంటే? మెస్ తిండి పడట్లేదా?”

“అదే అయ్యుంటుంది.”

“ఉండు, విప్పి సరిచేస్తా.”

రోజారమణి గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. “వద్దు. జాకెట్టు కొలత ఎట్టా ఉందో అట్టాగే ఉండాలి. నేను వెనక పిన్నులు పెట్టుకుంటా.”

తన కష్టం పాడవకూడదనే కదా ఈ పిల్ల తాపత్రయం. కృష్ణప్రియ కళ్లు చెమర్చాయి. కనపడకుండా అటు తిరిగి దారాలు సర్దింది.

షో రోజు రోజారమణి నవ్వకుండా, తొణక్కుండా నడిచింది. లైట్లు పడి అద్దం కళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నట్టయింది. హాల్లో చప్పట్లు ఆగలేదు. మూఢనమ్మకాన్ని ముచ్చటైన బట్టగా మార్చిందని మేడమ్ మైకులో మెచ్చుకుంది. అమ్మాయిలు సెల్ఫీల కోసం ఎగబడ్డారు.

“రావే ప్రియా, ఇవాళ మా బల్ల దగ్గర తిందువు గాని,” అంది తబస్సుం. “నేను ఊరికే భయపడ్డానే తల్లీ.”

“ఇంకోసారి వస్తాలే,” అని కృష్ణప్రియ రెండు ప్లేట్లలో వడ్డించుకుని గదికి వెళ్లింది.

రోజారమణి మంచం మీద కూర్చుని ఉంది. అప్పుడే ఇంటికి ఫోన్ చేసి పెట్టేసినట్టుంది. మొహం వాడిపోయింది.

కృష్ణప్రియ ప్లేటు అందించి, ఆమె పక్కనే కూర్చుంది.

“ఒక్క మాట చెప్పనా? కాలేజీ మొత్తంలో ఇవన్నీ ఉత్తి కుట్లే అని తెలిసింది నీ ఒక్కదానికే. నువ్వు రాకపోతే నేను ఇంటికెళ్లిపోయేదాన్ని.”

రోజారమణి లేచి తలుపు గడియ వేసి వచ్చింది. గొంతు తగ్గించింది.

“ఆ జాకెట్టు మా వదినది, కుట్టడం కూడా అయిపోయింది, మరి ఆ మనిషికింకా ఏమీ కాలేదేంటే?”