సందు లేని పని

"తలుపుకు బయట గడియ వద్దు," అంది జానమ్మ.

సోమాచారి కొలతబద్ద నేలమీద పెట్టాడు. నలభై ఏళ్లుగా దేవరకొండ చుట్టుపక్కల తలుపులు, అల్మారాలు చేస్తున్న వడ్రంగి అతను. ఈ మాట ఇంతవరకు ఎవరి నోటా వినలేదు.

"బయట గడియ లేకుంటే తాళం యాడేస్తవమ్మా?"

"తాళమే వద్దు. లోపల్నుంచి తోస్తే తెరుచుకోవాలె. గంతే."

జానమ్మ సర్కారు దవాఖానలో నర్సు. భర్త ఎల్లస్వామి తాలూకా కచేరీలో గుమాస్తా. ఇద్దరూ ఉద్యోగాల మీద కూడబెట్టి 1963లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఎల్లస్వామికి ఒక్కటే కోరిక మిగిలింది. పెద్దాఫీసరు బంగళాలో చూసినట్టు, మనిషి లోపలికి నడిచివెళ్లి బట్టలు తగిలించుకునేంత అల్మారా పడగ్గది మూలన కట్టించాలి. తమ తర్వాత పిల్లలు కూడా వాడుకునేంత గట్టిగా ఉండాలి.

ఆర్నెల్లు జానమ్మ ఒప్పుకోలేదు. గోడకు నాలుగు కొయ్యలు చాలంది. సోమాచారితో చేయిస్తానని భర్త చెప్పిన రోజు మాత్రం కడుగుతున్న గిన్నె కింద పెట్టింది.

"ఆయనే చేస్తడా?" అంది. "అయితే చెయ్యనీ. ఎట్ల చెయ్యాల్నో నేను చెప్త."

కట్టె ఎంచుకునే రోజు దవాఖానకు సెలవు పెట్టింది. సోమాచారి రెండు పలకలు ముందర పెట్టాడు.

"ఇది నల్లమద్ది. చెద ముట్టదు. ఇది అమ్రాబాద్ టేకు. ఇదీ పోదు గని జర తేలిక."

"చిన్న చెయ్యి తోసినా కదిలేది ఏది?"

సోమాచారికి నవ్వొచ్చింది. తలుపు బరువుంటేనే గట్టి అని నమ్మినవాడు. కానీ ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు.

"టేకు," అన్నాడు.

పని మొదలైంది. మూడో రోజుకే అతనికి గుబులు పట్టుకుంది. తాళం లేని తలుపు. లోపలి నుంచి తెరుచుకునే తలుపు. బట్టలు లోపలి నుంచి తలుపెందుకు తోస్తాయి? పన్నెండేళ్ల కిందట, అడిగిన కారణం తెలుసుకోకుండా ఒక ఇంటి అటక మీద దొంగ పలకలు బిగించాడు. వాటి వెనక పోలీసులు వెతుకుతున్నవాళ్లెవరో దాక్కున్నారు. పోలీసులు వచ్చి ముందు పట్టుకుపోయింది సోమాచారినే. ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు.

తలుపు బిగించిన రోజు మధ్యాహ్నం జానమ్మ దవాఖాన నుంచి నేరుగా వచ్చింది. చెప్పులు విప్పి అల్మారాలోకి నడిచింది.

"తలుపు దగ్గరికెయ్యి తాతా. నీ బలమంత పెట్టి పట్టుకో. నేను పిలిస్తెనే ఇడువు."

సోమాచారి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల చప్పుడు లేదు. వీధిలో ఎడ్లబండి పోయిన చప్పుడు దూరమైంది. ఇంకా పిలవలేదు.

"అమ్మా," అన్నాడు.

జవాబు లేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. వెనక్కి తిరిగి తలుపు లాగాడు.

జానమ్మ మోకాళ్లు ముడుచుకుని నేలమీద కూర్చుని ఉంది. ముఖం తలుపు అడుగు ఉన్న చోటికి వంగి ఉంది. తెల్ల చీర చెమటకు వంటికి అతుక్కుపోయింది.

"నాలుగుసార్లు పిలిచిన," అంది మెల్లగా. "నీకు ఇనబడలేదా?"

"లేదమ్మా. నా పనిల సందుండదు."

"తెల్సు."

ఆమె గోడ పట్టుకుని లేచింది. నీళ్లు తాగింది.

"సందులు పెట్టు. కింద, నేలకు మూరెడెత్తున."

"గాలి కోసమైతే మీద పెడతరు. కింద పెడితే దుమ్ము, పురుగు."

"కిందనే పెట్టు. కూసున్న మనిషి ముక్కుకు అందాలె."

సోమాచారి రంద, ఉలి, సుత్తె ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎల్లస్వామి అన్నానికి ఇంటికొచ్చాడు. సంచి చూశాడు. తడిసిన భార్యను చూశాడు.

"ఏమైంది పెద్దయ్యా? పని ఆపినవేంది?"

"నేను చెయ్య. ఇంకొకల్ని చూసుకో."

"తప్పేం జరిగింది?"

"నీ భార్యనడుగు. ఇది బట్టలకు కాదు. ఎవల్నో లోపల కూసోబెట్టెతందుకు. ఒకపారి నా ఏళ్లు ఇరిగినయి. ఈ వయసుల మల్ల ఠాణకు పోలేను."

జానమ్మ మిషన్ హాస్టల్‌లో పెరిగింది; అక్కడికి రాకముందు సంగతులు ఎల్లస్వామికి ఏనాడూ చెప్పలేదు. అతను అడగలేదు. వెనకటి మనిషెవరైనా ఉన్నాడా అన్న ఆలోచన ఇప్పుడు మొదటిసారి వచ్చింది.

"జానా," అన్నాడు. "ఎవరికోసం?"

ఆమె భర్త వైపు చూడలేదు. సంచి భుజాన వేసుకుని గడప దాటబోతున్న ముసలి వడ్రంగి ముందుకు వెళ్లి నిలబడింది.

"మా ఊరి గడీల దొరసానికి బట్టల అల్మారా చేసింది నువ్వే కద తాతా," అంది జానమ్మ, "నాకు ఏడేండ్లప్పుడు ఆమె రెండు దినాలు నన్నేసి తాళం పెట్టింది దాంట్లనే."