కొండడేగ ఏడవడు

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. వత్తులూ దీర్ఘాలూ తప్పి ఉంటే మన్నించండి. ఒక్కో మాట రాయడానికి నాకు చాలాసేపు పడుతుంది. చదవడానికి మీకు అంత పట్టదులెండి.

"ఏడవండత్తా. పది రోజులైంది. ఒక్కసారి ఏడిచేయండి," అంది ఉమామహేశ్వరి.

"నేనేడవను," అంది అప్పలకొండమ్మ. చేటలో బియ్యం ఎగిరెగిరి పడుతున్నాయి. "నా కొడుకు మీదకి లారీ ఎక్కించినోడు బెయిలు మీదొచ్చి బజార్లో టీ తాగుతున్నాడు. ఆడి అంతు చూసినాకే నా ఏడుపు."

"రేపు ఆయన పెద్దకర్మ. ఈ రోజైనా ఆ మాటలు మానండి. పిల్ల వింటాది."

"విననీ. దాని బాబు కాడా?"

ఉమ లోపలికి తొంగిచూసింది. "ఇంతకీ అదేది?"

ఇనుప గనుల ఊరు బచేలిలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. వెతకడానికి ఎంతసేపు? తొమ్మిదేళ్ళ ఇంద్రాణి గదిలో లేదు, పెరట్లో లేదు. గుమ్మం దగ్గర దాని చెప్పులూ లేవు. మైల తీరేదాకా ఎవరి గడపా తొక్కకూడదని దానికి పదిసార్లు చెప్పారు. చెప్పిన మాట దాటే పిల్ల కాదు.

"నేను వీధిలో చూసొస్తా," అని ఉమ పరుగెత్తింది.

మంచం మీద బొమ్మల పుస్తకం తెరిచి ఉంది. కిరందుల్ రైల్లో విశాఖపట్నం వెళ్ళొచ్చినప్పుడల్లా సునీల్‌కుమార్ కూతురికి ఇలాంటిదొకటి తెచ్చేవాడు. ఇందులో వీరుడి పేరు కొండడేగ. తండ్రి పోయిన దగ్గర్నుంచీ పిల్ల కూడా ఏడవలేదు. ఈ ఒక్క పుస్తకమే తిప్పి తిప్పి చదివింది.

అప్పలకొండమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. నిరుడు సాయంత్రపు బడిలో నేర్చిన చదువు ఆమెది. వేలు కదిలితేగాని అక్షరం కదలదు.

మూడో పేజీలో వీరుడి తండ్రి నేలకొరిగాడు. నాలుగో పేజీలో కొడుకు అప్పుడే రెక్కల చొక్కా తొడిగేసుకుని కొండ మీద నిలబడ్డాడు. మధ్యలో పాడె లేదు, స్నానం లేదు, పదో రోజు లేదు. ఆ తల్లి మొహం ఒక్క బొమ్మలోనైనా చూపించలేదు. కుర్రాడి నోటి దగ్గర గుండ్రంగా గీసి ఏదో రాశారు.

"నా... తం... డ్రి... ని చం... పి... న వా... డి... ని..."

ఆమె చెమట తుడుచుకుంది. వేలు మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"నా తండ్రిని చంపినవాడిని మట్టుబెట్టే దాకా ఏడవను."

కింద విలన్ బొమ్మ. బొమ్మ కింద పెన్సిలుతో ఇంద్రాణి చేతిరాత. నాలుగే అక్షరాలు.

"క... మ... లే... ష్."

లారీ డ్రైవరు పేరు.

"ఓలమ్మో! ఉమా! గుంట ఆడి మీదకెళిపోయిందే!"

ఉమ వచ్చి పుస్తకం లాక్కుని చూసింది. "పిల్లలకి ఇలాటివా రాస్తారు? ఏడవడానికి ఒక్క పేజీ పెడితే ఆళ్ళ సొమ్మేం పోయేదత్తా?"

"రాసినోళ్ళ చేతులు పడిపోనూ! నడు!"

అత్తాకోడళ్ళిద్దరూ రోడ్డు మీద పడ్డారు. మైల మనుషులని తెలిసినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. సంత మొదట్లో చింతపండు అమ్మే కోసి అనే ఆదివాసీ ఆవిడ మాత్రం లేచి నిలబడి చెయ్యి చూపించింది.

"అమ్మా, నీ పోతీ, నీ మనవరాలు, అటే పోయింది. ఆ డ్రైవర్ కమరాకి, ఆడి గదికి. ఆగు బేటీ అన్నా. ఆగలే."

"చేతిలో ఏటుంది?"

"చూడలే అమ్మా. పరుగే పరుగు."

అప్పలకొండమ్మ కొంగు బిగించి పరుగందుకుంది. పిల్ల రాయి విసిరితే? వాడు ఒక్క తోపు తోస్తే? ఉన్నది ఆ ఒక్క నలుసు. పది రోజులుగా వాడి చావు కోరుకున్న మనిషి, మొదటిసారి వాడికేం కాకూడదని మొక్కుకుంది. వాడి వల్ల పిల్లకీ, పిల్ల వల్ల వాడికీ ఏమీ కాకూడదు తల్లీ అనుకుంటూనే లారీలు ఆగే స్థలం దాటింది.

వెనక వరసలో చివరి గది. తలుపు వేసి ఉంది. గుమ్మం బయట పిల్ల చెప్పులు, ఒకటి అటూ ఒకటి ఇటూ.

లోపల బరువైనదేదో నేల మీద ఈడుస్తున్న చప్పుడు. తర్వాత ఏదో గోడకి కొట్టుకున్నట్టు దబ్బుమంది.

"ఇంద్రాణీ!" ఉమ గొంతు చీరుకుపోయింది.

అప్పలకొండమ్మ గడప తొక్కి రెండు చేతులతో తలుపు బాదింది. "తలుపు తియ్యే! తీస్తావా పగలగొట్టమంటావా!"

లోపల చప్పుడు ఆగిపోయింది.

"తీద్దాం బేటీ. ఏమైతే అదే అవుతుంది," అంటున్నాడు కమలేష్ హిందీలో, ఏడుపు గొంతుతో.

వెంటనే పిల్ల గుసగుస వినిపించింది, అదీ హిందీలోనే.

"వద్దంకుల్, ఆ పెట్టె తలుపుకి ఇంకా దగ్గరికి తొయ్యండి. చెప్పాను కదా, మా మామ్మ మిమ్మల్ని చంపకుండా ఏడవదు."

పైల నూకాలమ్మ,
అరవై నాలుగేళ్ళు,
ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి దగ్గర, దోర్నపాల్‌లో.