అత్త పెట్టిన వేట

“వెళ్లనని ఒక్క మాట చెప్పు నాన్నా. నిన్నెవరూ పిరికివాడనరు,” అంది వోంగాయి అత్త.

“ఎందుకు వెళ్లనూ? వెళ్తాను. అడవిదున్నను కొట్టి మరీ వస్తాను,” అన్నాడు ముఫారో.

పాక నీడలో కూర్చున్న చిన్నాన్న గ్వటిజో ముక్కుపొడి పీల్చి గట్టిగా తుమ్మాడు. “జొహాన్నెస్‌బర్గ్ గనుల్లో ఎలకల్ని కొట్టినంత తేలికనుకుంటున్నాడు పాపం!”

అందరూ గొల్లున నవ్వారు. ముఫారో మాత్రం నవ్వలేదు.

ఊరి పెద్ద పోయి ఇంకా ఏడాది కాలేదు. పన్నెండో ఏట దేశం దాటిపోయిన ఆయన ఒక్కగానొక్క కొడుకు ముఫారో ఇన్నాళ్లకు భుజాన సంచీతో బస్సు దిగాడు. నాన్న పెద్దరికం నాదే అన్నాడు. రేవులో మొసలి లాక్కుపోయిన ఎర్రమేక సంగతి చెప్పాడు. అమ్మ సమాధి మీద ఏ రాయి పెట్టారో చెప్పాడు. అత్త పొయ్యి వెనక దాచుకునే పొగాకు సంగతి కూడా బయటపెట్టేశాడు. మాటలో యాస మాత్రం కాస్త తేడా. అన్నేళ్లు పరాయి గనుల్లో బతికితే ఎవరి యాస మారదు చెప్పండి?

ఊరు రెండుగా చీలింది. కొందరు అతనేనన్నారు, కొందరు కాదన్నారు. మా వైపు ఇలాంటి తగువొస్తే తేల్చేది మేనత్తే. మగవాళ్లు ఎన్ని రంకెలేసినా ఆఖరి మాట ఆవిడది.

ఆవిడ చెప్పిన మాట ఇదీ: “ఈ ఏడు వేటకని సర్కారు మన ఊరి వంతుకిచ్చిన అడవిదున్నను విదేశీ వేటగాళ్లెవరికీ అమ్మం. నీకే వదిలాం. కొడతావో మానతావో నీ ఇష్టం. వేట సంగతి తేలాకే నిన్ను వంశం పేరు పెట్టి పిలుస్తాం. అందాకా ఈ వాకిట్లో ఎవరూ ఆ పేరెత్తడానికి వీల్లేదు.”

వేటకు తీసుకెళ్లేది సఫారీ క్యాంపు నడిపే డర్క్. ముఫారో అంతవరకూ తుపాకీ పట్టి ఎరగడు. డర్క్ అతనిచేత పుట్టమీద పెట్టిన డబ్బాల్ని కొట్టించి, భుజం కమిలిపోయేదాకా నేర్పాడు. జాడలు చూసేందుకు ఏటవతలి ఊరి జివాయి వచ్చాడు. మా ఊరి నుంచి ఒక్కడంటే ఒక్కడు వెంట వెళ్లలేదు. కుళ్లు, అనుకున్నాడు ముఫారో.

తెల్లారగానే అత్త జీపు దాకా వచ్చింది. తలుపు పట్టుకుంది.

“ఇప్పటికైనా దిగు నాన్నా. నువ్వు దిగితే నా అంత సంతోషించేది ఎవరూ ఉండరు.”

అతనికి ఒళ్లు మండిపోయింది. “అత్తా, ఇంకెన్నిసార్లు పరీక్షిస్తావు? నేను మా నాన్న కొడుకుని. పోనీ డర్క్!”

రెల్లు పొదల మధ్య మంద దొరికింది. జివాయి బూడిద సంచీ దులిపి గాలి ఎటు వీస్తోందో చూశాడు. ముగ్గురూ మోకాళ్ల మీద పాకారు. మందకు కాస్త ఎడంగా ముసలి పోతు ఒకటి, ఒళ్లంతా బురదతో నిలబడి ఉంది. తలెత్తి ఇటే చూసింది. ముఫారో తుపాకీ భుజానికి ఆనించాడు. కాల్చాడు.

దున్న పడలేదు. కుంటుకుంటూ పొదల్లోకి దూరిపోయింది.

డర్క్ తిట్టుకున్నాడు. “గాయపడ్డ దున్నంటే మాటలు కాదు. నువ్విక్కడే ఉండు. మిగతాది నేను చూసుకుంటా.”

“నువ్వు కొడితే ఊళ్లో నా మొహం ఎలా చూపించను? అది నా దున్న. పక్కకు జరుగు.”

“చచ్చిపోతావురా మొండివాడా!”

“చస్తే చస్తా. వెనక్కి మాత్రం పోను.”

అతనే ముందు నడిచాడు. పొద కదిలింది. నల్లటి కొండ విరిగి మీద పడుతున్నట్టు వచ్చేసింది దున్న. ముఫారో అంగుళం కదల్లేదు. పేల్చాడు. అది అతని బూట్ల ముందు కూలబడింది. జివాయి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని “ఓరి నీ గుండె బంగారం గానూ!” అని అరిచాడు. డర్క్ దున్న నెత్తురు వేలితో తీసి అతని బుగ్గలకు పూశాడు. మొదటి వేట కదా మరి.

ఆ మధ్యాహ్నమే ఊళ్లోకి ట్రక్కు వచ్చింది. ముఫారో మాంసం మీదే రాజులా నిలబడి ఉన్నాడు. వాకిలి నిండా జనం. ఒక్క గిన్నె కూడా ముందుకు రాలేదు. చిన్నాన్న మొహం తిప్పుకున్నాడు.

“ఏం చిన్నాన్నా, ఎలకేనా ఇది?” అన్నాడు ముఫారో.

గ్వటిజో నేలమీద ఉమ్మేశాడు.

ముఫారో తనే నిప్పు రాజేశాడు. కాలేజం ముక్క కాల్చి, మొక్కజొన్న పిండితో వండిన సద్జా ముద్దతో కలిపి, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాడు. కావాలనే నెమ్మదిగా నమిలాడు. మీరు తినకపోతే మానండి, నేను తింటున్నా చూడండి అన్నట్టుగా. అత్త కళ్లార్పకుండా అతని పళ్లకేసే చూస్తూ కూర్చుంది. ఆవిడ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

ఆ కన్నీళ్లు చూసి అతని ఛాతీ పొంగింది. మూతి తుడుచుకుని లేచాడు.

“ఇప్పుడు పిలువత్తా! నా వంశం పేరు పెట్టి, ఈ ఊరంతా వినేలా పిలువు!”

అత్త కర్ర ఊతంగా లేచి అతని ఎదురుగా నిలబడింది.

“దున్నేనయ్యా మా వంశం పేరు, దాన్ని చంపితే తోబుట్టువును చంపినట్టేనని, తింటే పళ్లు రాలిపోతాయని మా ముఫారోకు ఉగ్గుపాలతో నేర్పింది నేనే, ఇప్పుడు చెప్పు, వాణ్ణి ఏం చేశావు?”