ఎప్పుడూ ఎర్రగానే

"ఎర్రదీపం వెలుగుతుంటే రైలును వెళ్ళమన్నావా, లేదా?" ప్రాసిక్యూటర్ గద్దించాడు.

"అన్నానండీ," బోనులోంచి స్టేషన్ మాస్టర్ స్తాతిస్ చెప్పాడు. "రోజూ అనేవాణ్ణి. ఆ దీపం చెడిపోయి ఏళ్లయింది. ఖర్మకాలి పచ్చగా వెలిగితే డ్రైవర్లు హడలిపోయి బండి ఆపేసేవాళ్ళు."

హాలు గొల్లుమంది. ఏథెన్స్ నుంచి వచ్చిన లాయర్లు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నల్లబట్టల్లో ఉన్న పొలిక్సేని మాత్రం నవ్వలేదు. ఆ రైలు గుద్దుకున్నప్పుడు చచ్చిపోయిన డ్రైవర్ ఆమె కొడుకు. స్తాతిస్‌కు జైలు పడేదాకా కొడుకు సమాధి మీద నూనెదీపం వెలిగించనని ఒట్టు పెట్టుకుంది.

"ఆ రోజు ఎదురుగా గూడ్సు వస్తోందిగదయ్యా!" అన్నాడు జడ్జి.

"ఆ ఒక్కరోజూ దీపం నిజం చెప్పిందండీ. ముందురోజే బాగుచేసి వెళ్ళారట. నాతో ఎవరూ అనలేదు."

"చూస్తే తెలియదూ?"

"ఎలా తెలుస్తుందండీ? బాగయ్యాక కూడా ఎర్రగానే ఉందాయె."

జడ్జి విచారణ ఆపి కాఫీకి లేచాడు.

మళ్ళీ పిలుపు వచ్చింది. 'విచారణ జరుగుతోంది, రావద్దు' అని చెప్పే ఎర్రబల్బు తలుపు మీద వెలుగుతోంది. పొలిక్సేని గడప దగ్గరే ఆగిపోయింది. వెనక జనమంతా ఆగారు.

"వచ్చెయ్ పెద్దమ్మా, అదెప్పుడూ వెలుగుతూనే ఉంటుంది," అన్నాడు బంట్రోతు.

నిజమే. విచారణ మొదలైనప్పట్నుంచీ తను దాని కిందుగానే వస్తోంది. కొడుకూ అలాగే వెళ్ళేవాడు, రోజూ.

ఆమె వెనక్కి తిరిగి, పోలీసుల మధ్య తలదించుకున్న స్తాతిస్‌ను మొదటిసారి తేరిపార చూసింది.

"ముందు దాన్ని ఆర్పు నాయనా," అంది బంట్రోతుతో. "ఆ తర్వాతే ఎవరైనా లోపలికి."